కుంచములు వేఱు, కూడిక యొక్కటి

మాదాపురము మొదలు నానక్రామ్‌గూడ వఱకును, విశాఖలో ఋషికొండమీదను, బెంగుళూరు, పూనా నగరములందును, సముద్రముల కావల డల్లాసు, న్యూజెర్సీలందును మన తెలుగుబిడ్డలు పనిచేయుచున్న సాఫ్ట్‌వేరు కార్యాలయములలో పదునాలుగు దినముల కొకమాఱు ఒక లెక్క జరుగుచుండును. ఆ లెక్కకు బయటి ప్రపంచమున ప్రచారము లేదు. పత్రికలలో నది ప్రకటింపబడదు. శాసనసభలో దానినిగూర్చి ప్రశ్నలు పుట్టవు. అయినను, కంప్యూటరు ఉద్యోగి యొక్కడైన లేని వీథి మన పట్టణములలో నరుదైపోయినది. మన బ్యాంకు ఖాతాయు, రైలు టికెట్టును, కరెంటు బిల్లును, రేషను కార్డును అట్టి కార్యాలయములలో తయారగు సరకుపైననే నడచుచున్నవి. కావున నా లెక్క యెట్టిదో, అందలి మెలిక యేమో సామాన్య పాఠకుడును కొంత తెలిసికొనదగియున్నది.

ఎజైల్ అను పద్ధతి ననుసరించు సంస్థలందు పనివారు ఏడెనిమిది మంది చొప్పున జట్లుగ నేర్పడుదురు. సామాన్యముగ రెండు వారముల గడువును స్ప్రింట్ అందురు. స్ప్రింటు మొదటి దినమున జట్టువారందఱును కూర్చుండి, ముందున్న పనిని స్టోరీలను పేర చిన్నచిన్న తునుకలుగ విడదీసి, ఒక్కొక్క స్టోరీ యెంత భారమైనదో 1, 2, 3, 5, 8, 13 అను నంకెలతో నంచనా కట్టుదురు. ఈ యంకెలే స్టోరీ పాయింట్లు. స్ప్రింటు ముగియునప్పటికి పూర్తియైన స్టోరీల పాయింట్లను కూడగా వచ్చిన మొత్తమే జట్టు వెలాసిటీ. పనుల జాబితాను నడపు జిరా వంటి సాధనములో ఆ స్టోరీ టికెట్టు 'డన్' (పూర్తి) అను గడిలోనికి జరిగిన మఱుక్షణమున నా సంఖ్య డ్యాష్‌బోర్డుపై వెలుగును. ఇంతవఱకు దోషమేమియు లేదు. పోయిన స్ప్రింటున ముప్పది పాయింట్లు మోసితిమి, ఈమాఱు ఏబది నెత్తిన వేసికొనరాదు అని యొక జట్టు తనలో తాను చేసికొను హితబోధకు ఈ సంఖ్య చక్కగ నుపకరించును. దోషము వచ్చునది, అట్టి జట్లు పదియో యిరువదియో చేరి యొకే వస్తువును నిర్మించుచుండగా, పైనున్న యధికారి వాని వెలాసిటీల నన్నిటిని ఒక పట్టికలో కూడి, ఈ నెల మన విభాగము ఇన్ని వందల పాయింట్ల పని ముగించినదని క్లయింటునకు చూపునపుడు. ఆ కూడికకు అర్థము లేదనియు, అనేక జట్లు ముగించిన పనిని కొలువదలచినవాడు జట్లను విడిచి వారు నిర్మించు వస్తువును కొలువవలెననియు నా యభిప్రాయము.

పాయింటు పుట్టుక వృత్తాంతమును తెలిసికొన్నచో దాని యోగ్యతయు, అయోగ్యతయు రెండును బోధపడును. 1990 దశకపు ఉత్తరార్ధమున అమెరికాలోని క్రైస్లర్ మోటారు సంస్థ తన యుద్యోగుల జీతముల లెక్కకై క్రొత్త సాఫ్ట్‌వేరు వ్రాయించుచుండెను. కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ మొదలగువారు ఆ పనిలో నుండి, తరువాత ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అని ప్రసిద్ధికెక్కిన విధానమును తీర్చిదిద్దిరి. ఆ విధానమున పనుల నంచనా మొదట దినములతోనే కట్టెడివారు. కాని యవి యెవ్వరును పిలువని, ఏ సమావేశమును లేని, ఫోను మ్రోగని యాదర్శ దినములు. అట్టి యొక దినపు పనికి లోకములోని దినములు మూడు పట్టుచుండెను. ఒక దినపు పని మూడు దినములేల పట్టినదని సొమ్మిచ్చువారికి సందేహము కలుగుట సహజమే గదా! జెఫ్రీస్ తదుపరి చెప్పిన ప్రకారము, ఈ చిక్కును తప్పించుకొనుటకై ఆదర్శ దినమునకు పాయింటని పేరు మార్చిరి. యజమాని ప్రశ్నకు మఱుగుగ వ్రేలాడదీసిన తెర, కాలక్రమమున యజమాని చేతిలోని కొలబద్దయైనది! పాయింట్లను కనిపెట్టినవాడు తానే కావచ్చుననియు, అట్లయినచో నిప్పుడు విచారించుచున్నాననియు జెఫ్రీస్ 2019లో బహిరంగముగ నొప్పుకొనెను.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రమందలి స్నోబర్డ్ అను మంచుకొండల విడిదిలో పదునేడుగురు ప్రోగ్రామర్లు సమావేశమై ఎజైల్ ప్రకటనను వెలువరించిరి. దానికి జోడించిన పండ్రెండు సూత్రములలో పని పురోగతిని కొలుచుటను గూర్చిన దొకటి కలదు: పనిచేయుచున్న సాఫ్ట్‌వేరే ముఖ్యమైన కొలమానమని దాని తాత్పర్యము. పాయింటు ప్రసక్తియే అందు లేదు. అంచనాలకై పేకముక్కల వంటి కార్డులను జేమ్స్ గ్రెనింగ్ 2002లో ప్రవేశపెట్టగా, మైక్ కోన్ తన గ్రంథములో వానికి వ్యాప్తి కలిగించెను. ఎజైల్ శాఖయైన స్క్రమ్ పద్ధతికి ప్రమాణమైన స్క్రమ్ గైడ్‌ను తిరుగవేసి చూచినను, 2020 నాటి ప్రతిలో స్టోరీ పాయింటు గాని వెలాసిటీ గాని కానరాదు. శాస్త్రమున లేని యాచారమే గట్టిగ నాటుకొనుట మన కేమంత క్రొత్త సంగతి కాదు.

ఇక కూడికమాట. లీటరులును కిలోగ్రాములును రాకపూర్వము మన జిల్లాలలో ధాన్యమును పుట్లతోను, తూములతోను, కుంచములతోను, మానికలతోను కొలుచుచుండిరి. ఒక సీమ కుంచము మఱియొక సీమ కుంచముతో సరిపోవునన్న నమ్మకము లేదు. ఒకే యూరి కళ్లములన్నిటిని ఆ యూరి కుంచముతోనే కొలిచినంతకాలము రైతునకును కౌలుదారునకును తగవు రాదు. రెండు సీమల కుంచములను కలిపి మొత్తము చెప్పిననాడే లెక్క చెడును. 1956లో పార్లమెంటు తూనికలు కొలతల శాసనమును చేసి, 1958 అక్టోబరు 1వ తేది మొదలుకొని మెట్రిక్ పద్ధతిని క్రమముగ నమలుపఱుపగా నీ చిక్కు విడిపోయినది. సాఫ్ట్‌వేరు జట్లలో నొక్కొక్కదానికి నొక్కొక్క కుంచము. ఒక జట్టు 5 అని యంచనా కట్టిన పనిని పొరుగు జట్టు 13 అనవచ్చును. ఇరువురును తమతమ లెక్కలలో నిజాయితీపరులే. హైదరాబాదు జట్టు 42, డల్లాసు జట్టు 30 అని పట్టికలో ప్రక్కప్రక్కన వ్రాసినంతనే, మనవారు చుఱుకైనవారని సంతోషించుటకును, అక్కడివారు సోమరులని తలంచుటకును ఆధార మేమియు లేదు. అంకెలు తాఱుమాఱైనప్పుడు మనవారు భయపడనక్కఱయు లేదు.

అట్లయిన పాయింటునకును మెట్రిక్ శాసనమొకటి చేసినచో సరిపోదా యని యడుగువారు కలరు. చేసియు చూచిరి. పెద్ద సంస్థలలో అనేక జట్లను నడపుటకై డీన్ లెఫింగ్‌వెల్ ప్రచారములోనికి తెచ్చిన సేఫ్ అను విధానములో, అర్ధదినమున వ్రాసి అర్ధదినమున పరీక్షింపదగిన చిన్నపనిని 1 పాయింటుగ గ్రహించి, రెండు వారముల స్ప్రింటునకు మనిషికి 8 పాయింట్ల చొప్పున ప్రతిజట్టును లెక్క ప్రారంభింపవలెనని యొక యేర్పాటు కలదు. చూపునకు ముచ్చటగ నున్న యీ యేర్పాటులో రెండు లోపములు దాగియున్నవి. అర్ధదినమన్నచో నెవని యర్ధదినము? ఆ సరకును పదియేండ్లుగ నెఱిగినవానిదా, నిన్న ప్రాజెక్టు లేనివారు వేచియుండు బెంచ్‌నుండి వచ్చి చేరినవానిదా? మఱియు మనిషికి ఎనిమిదేసి యని ముందే పంచిపెట్టినపిమ్మట పాయింటు మాఱువేషము ధరించిన మనుష్యదినమే యగుచున్నది. మనుషులను నెలలను గుణించి పనిని కొలుచుట యెంత యపాయకరమో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఐబీఎమ్ అనుభవమును ఆధారముగ గొని గ్రంథస్థము చేసియుండెను. ధాన్యమునకు కుంచము వెలుపల నునికి కలదు. కుంచమును పగులగొట్టినను ధాన్యము మిగులును, వేఱొక కొలతతో తూచుకొనవచ్చును. అంచనా కట్టినవారి మనస్సునకు వెలుపల పాయింటునకు ఉనికి లేదు; కావున దానిని ప్రమాణీకరించుటకు పట్టు దొరకదు.

వేర్వేఱు కొలతలను కలిపినచో నెంత యనర్థము కలుగునో చూపు దృష్టాంతమొకటి కలదు. 1999 సెప్టెంబరు 23వ తేదిన అంగారకుని సమీపించుచున్న నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక నష్టమైపోయినది. లాక్‌హీడ్ మార్టిన్ సంస్థవారి సాఫ్ట్‌వేరు పౌను-సెకనులలో నిచ్చిన సంఖ్యలను, నడుపువారి సాఫ్ట్‌వేరు న్యూటను-సెకనులుగ గ్రహించినది. ప్రతిజట్టును తన పని ముగించియే యుండెను. అచ్చట కనీసము ఒక పౌను బలమునకు సుమారు 4.45 న్యూటనులని మార్పు నిష్పత్తి యొకటి కలదు. అది వేయవలసినచోట వేయలేదు. మన జట్ల పాయింట్ల కట్టి నిష్పత్తియైనను లేదు.

ఇది గణితదోషము మాత్రమే యైనచో నేనీ వ్యాసము వ్రాయకపోదును. కూడిక నిరర్థకమైనను నిరపాయకరము కాదు. 1975లో బ్రిటిష్ అర్థశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్యవిధానమును చర్చించుచు, ఏ సంఖ్యను పట్టుకొని పాలకులు జనులను అదుపు చేయదలతురో, ఆ సంఖ్య యంతవఱకు చూపుచువచ్చిన క్రమము చెదరిపోవునని హెచ్చరించెను. పాయింట్లయందీ చెదరుట యెట్లు సాగునో ఆ కార్యాలయములలో నున్నవారికి విడమఱచి చెప్పనక్కఱలేదు, బయటివారికై చెప్పుచున్నాను. జట్ల వెలాసిటీలు ఒకే డ్యాష్‌బోర్డున ప్రక్కప్రక్కన నిలిచిన మూడవ స్ప్రింటునుండియే, నిన్న మూడన్న పని నేడు ఐదగును. ఎవ్వరును అబద్ధమాడరు, కొంచెము జాగ్రత్తపడుదురు, అంతే. తరువాత ఎనిమిది పాయింట్ల స్టోరీ రెండుగ చీలి, ఒక్కొక్క ముక్క ఐదుగ మొలకెత్తును. పోయిన స్ప్రింటున తామే చేసిన పొరపాటును దిద్దు పనికిగూడ క్రొత్త టికెట్టు, క్రొత్త పాయింట్లు పుట్టును. దీనివలన శ్రద్ధతో పనిచేసిన జట్టునకు ఒకమాఱును, అశ్రద్ధ చేసిన జట్టునకు రెండుమాఱులును ఫలము దక్కును. స్ప్రింటు ముగియు గురువారము సాయంకాలమున సగము చేసిన టికెట్టు మూతపడి, మిగిలిన సగము 'పార్ట్ టూ' అను పేరున మఱునాడు జన్మించుట యెఱుగనివారు ఆ వృత్తిలో నెవరు?

తరువాత పలుచనగునది 'డన్' అను స్థితియే. మొదట వ్రాసి, పరీక్షించి, ఇతర జట్ల పనితో కలిపి, వాడుకరికి అందజేసినదే పూర్తియని యుండును. గడువు తఱుముకొని వచ్చినకొలది కలుపుట వచ్చే స్ప్రింటునకును, పరీక్ష అటుపై స్ప్రింటునకును జరిగిపోవును. తుదకు 'హార్డెనింగ్ స్ప్రింట్' అను పేర, పూర్తియైనదని యదివఱకే లెక్కలో వేసికొన్న పనిని పూర్తిచేయుటకై ప్రత్యేకముగ నొక స్ప్రింటునే కేటాయించుదురు. లెక్కలో నూటికి తొంబది ముగిసినదని యాఱు నెలలనుండి వినుచున్న ప్రాజెక్టు, మిగిలిన పదింటికై మఱియొక యాఱు నెలలు పట్టుటలోని రహస్యము చాలమట్టున కిదియే.

వీనియన్నిటికంటె నన్ను బాధించునది వేఱొకటి. ఒక జట్టులో అనుభవజ్ఞురాలైన యింజనీరు కలదనుకొందము. పొరుగు జట్టువారు చిక్కులో పడి, ఈమెవలన రెండు దినముల సాయము పొంది గట్టెక్కిరి. సంస్థదృష్టితో చూచిన నా నెలలో జరిగిన యుత్తమకార్య మదియే కావచ్చును. పట్టికలో మాత్రము ఈమె జట్టు వెలాసిటీ తగ్గినది, వారిది పెరిగినది. రెండు మూడుమాఱులు మేనేజరు సమీక్షలో దీనికి సంజాయిషీ చెప్పుకొన్నపిమ్మట, అప్రైజల్ నెలలో జీతపు హైక్ తగ్గినపిమ్మట, నాలుగవమాఱు పొరుగువారు పిలిచిన నామె పలుకునా? అనేక జట్లు కలిసి యొక వస్తువును నిర్మించుటకు ప్రాణమైనది పరస్పర సాహాయ్యము. ఏ కొలతవలన నది శిక్షింపబడునో ఆ కొలతను పెట్టినవాడు తన గోడను తానే త్రవ్వుకొనుచున్నాడు.

ఇట్టి కొలతల విషయమున పనివారి కోపము క్రొత్తది కాదు. 1982లో ఆపిల్ సంస్థలో లిసా కంప్యూటరును నిర్మించునపుడు, వారమున కెన్ని పంక్తుల కోడు వ్రాసితిరో కాగితముపై నింపుడని మేనేజర్లు ఆజ్ఞాపించిరి. బిల్ అట్కిన్సన్ అను ప్రతిభాశాలి ఆ వారమున బొమ్మలు గీయు భాగమును తిరిగి రచించి, దానిని పలురెట్లు వేగవంతము చేసి, ఆ క్రమములో రెండువేల పంక్తులను తొలగించెను. కాగితముపై నాతడు −2000 అని నింపెను. కొలది వారములకు ఆతనిని కాగితము నింపుమని యడుగుట మానిరట.

పాఠకునకు స్పష్టమగుటకై యొక బ్యాంకును ఊహింతము. ఖాతాదారుడు తన డెబిట్ కార్డును ఫోనునుండియే తాత్కాలికముగ నిలిపివేసికొను సదుపాయమును కల్పింపవలెను. తెరను దిద్దు జట్టున కది 5 పాయింట్లు; కార్డుల వివరములను కాపాడు జట్టునకు 8; మోసములను కనిపెట్టు జట్టునకు మఱియొక 8; సంక్షిప్తసందేశమును పంపు జట్టునకు 3. మొదటి మూడు జట్లును తమ టికెట్లను మూసివేసినవి. పట్టికలో 21 పాయింట్లు వెలిగినవి. సందేశపు జట్టు వేఱొక యత్యవసరములో నుండి తన మూడు పాయింట్ల పనిని ముట్టుకొనలేదు. ఖాతాదారుని కెన్ని పాయింట్ల సదుపాయ మందినది? సున్న. అతని కార్డు పోయిన రాత్రి, ఆ 21 పాయింట్లు అతని నెంతమాత్రము కాపాడలేవు. నాలుగవ జట్టు చేసిన మూడు పాయింట్ల పనికి తక్కిన మూడు జట్ల పనినంతటిని సజీవము చేయు శక్తి కలదు. కాని యా పట్టికలో దానికి వెల మూడే.

పెద్దయెత్తున నిట్టిది జరిగినపుడు ఫలమెట్లుండునో 2013 అక్టోబరు 1వ తేదిన అమెరికా ప్రజలు చూచిరి. ఆనాడు హెల్త్‌కేర్ డాట్ గవ్ అను ప్రభుత్వ వెబ్‌సైటు ఆరోగ్యబీమా కొనుగోలుకై తెఱువబడినది. 36 రాష్ట్రముల ప్రజలు దానిపై నాధారపడవలసియుండెను. లక్షలకొలది జనులు తలుపు తట్టిరి; తొలిదినమున బీమా నమోదును తుదివఱకు ముగింపగలిగినవారు ఆఱుగురు! ఆ నిర్మాణమంతయు ఎజైల్ పద్ధతిని సాగినదని చెప్పుటకు వీలులేదు. అయినను అనేకులు ముగించిన పనిని ముక్కలుగ లెక్కించినచో నేమగునో చూపుటకు దానిని మించిన దృష్టాంతము నాకు కానరాదు. పదులకొలది కాంట్రాక్టర్లలో గుర్తింపు పరీక్షించు భాగ మొకరిది, సమాచారమును చేరవేయు భాగ మింకొకరిది, దరఖాస్తు భాగము వేఱొకరిది. అన్నిటిని జతకూర్చు బాధ్యతను ప్రభుత్వ విభాగమే తనపై నుంచుకొనెను. అక్టోబరు 24వ తేదిన కాంగ్రెసు సంఘము ఎదుట నిలిచిన కాంట్రాక్టర్ల ప్రతినిధులు, తమతమ భాగములు అనుకొన్న రీతిని పనిచేసినవనియు, ఆమూలాగ్రము కలిపి పరీక్షించుట మాత్రము చివరి రెండు వారములలోనే జరిగినదనియు చెప్పిరి. భాగములవారీగ నడిగినచో పని పూర్తియైనట్లే. వాడుకరి నడిగినచో ప్రారంభమే కాలేదు.

ఆ వైఫల్యముకంటె దానిని చక్కబఱచిన తీరు మన ప్రస్తావమునకు మిక్కిలి యుపకరించును. నడుము కట్టి వచ్చినవారు మొదట చేసినపని, వెబ్‌సైటు మొత్తము ఏ క్షణమున నెట్లున్నదో తెలుపు కొలతలను అందఱి యెదుట నుంచుట. పేజీ యెన్ని సెకనులలో తెఱచుకొనుచున్నది, నూటి కెన్ని ప్రయత్నములు తప్పుతో ముగియుచున్నవి అను నీ రెండు సంఖ్యలు ఏ కాంట్రాక్టరుకును సొంతములు కావు, అందఱివియును అయినవి. డిసెంబరు 1వ తేదిన ప్రభుత్వము ప్రకటించిన ప్రకారము, ఎనిమిది సెకనుల నిరీక్షణ ఒక సెకనుకు లోపుగను, నూటి కాఱుగ నున్న తప్పులు ఒకటికి లోపుగను దిగినవి. రెండు నెలలలో జరిగిన యీ మార్పును పాయింట్లలో కొలిచిన నేమి తెలిసియుండెడిది?

కావున నేను కోరు మొదటి మార్పు, ఒక వస్తువును నిర్మించు జట్లన్నిటికిని 'పూర్తి' యనుటకు ఒకే నిర్వచన ముండవలెననునది. 2020 నాటి స్క్రమ్ గైడ్‌ కూడ దీనినే విధించుచున్నది. క్రెయిగ్ లార్మన్, బాస్ వోడే అనువారు పెంపొందించిన లెస్ విధానమున పనుల జాబితాయే అన్ని జట్లకు నొక్కటి. ఇతర జట్ల పనితో కలిసి, మొత్తముగ పరీక్షింపబడి, వాడుకరులు వాడు ప్రొడక్షన్‌లోనికి పోదగియున్నప్పుడే పూర్తి. అంతకు ముందున్నదంతయు చేతిలోని పనియే. బ్యాంకు దృష్టాంతములో నాలుగు టికెట్లకును వేర్వేఱుగ 'డన్' ఉండరాదు. కార్డు నిలిపివేత యను ఒక్క సదుపాయమునకే యుండవలెను. ఆ నెలలో వాడుకరి చేతికి చేరిన సదుపాయము లెన్నియో యెంచిన నదియే అన్ని జట్లు కలిసి ముగించిన పని.

దానితోపాటు ఒక్కొక్క సదుపాయము మొదలిడిననాటినుండి చేతికి చేరుటకెన్ని దినములు పట్టినదో వ్రాసియుంచుకొనవలెను. జాన్ లిటిల్ అను నమెరికను శాస్త్రజ్ఞుడు 1961లో నిరూపించిన వరుసల సూత్రమొకటి యిచ్చట పనికివచ్చును. చేతిలోని పనుల సంఖ్యను, వారమునకు ముగియు పనుల సంఖ్యచే భాగించినచో నొక్కొక్క పనికి పట్టు సగటు కాలము వచ్చును. అఱువది పనులు తెఱచియుంచి వారమున కైదు ముగించు సంస్థలో ఒక్కొక్క పనికి సగటున పండ్రెండు వారములు పట్టక తప్పదు; ఎవనిని గద్దించినను తగ్గదు. అఱువదిని ముప్పదికి దించి, వారమున కైదే ముగించుచుండినను, ఆఱు వారములగును. జట్లన్నిటికిని చేతినిండ పని యుండవలెనను నాత్రమున క్రొత్త పనులను తెఱచుచుండు మేనేజరు, తానే యాలస్యమును నాటుచున్నాడని యీ భాగహారము చెప్పును. వెలాసిటీల కూడిక దీనిని చెప్పజాలదు.

నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ అనువారు 2018లో ప్రకటించిన ఆక్సిలరేట్ అను గ్రంథమున నాలుగు కొలతలను ముందుంచిరి: ప్రొడక్షన్‌లోనికి ఎంత తఱచుగ పంపుచున్నారు, వ్రాసిన కోడు అచ్చటికి చేరుట కెంతకాలము పట్టుచున్నది, పంపినవానిలో నెన్ని చెడుచున్నవి, చెడినదానిని నిలబెట్టుట కెంతసేపు పట్టుచున్నది. మొదటి రెండు వేగమునకును, కడపటి రెండు స్థైర్యమునకును సంబంధించినవి. వేగమునకై తొందరపడినచో స్థైర్యము కుంటుపడి తొందర బయటపడును. కనుక నొకదానిని బలిసినట్లు చూపుట కష్టము. అసాధ్యమని మాత్రము నేననను. వీనినిగూడ జట్లమధ్య పందెముగ మార్చి హైకులకు ముడిపెట్టినచో, వీనికిని పాయింట్ల గతియే పట్టును.

సదుపాయములు చిన్నవియు పెద్దవియు నుండగా, వానినన్నిటిని ఒక్కొక్కటిగ నెంచుట న్యాయమాయని యాక్షేపింపవచ్చును. పనిని చిన్న తునుకలుగ విడదీయుట యలవాటైన జట్లలో, మూడు నెలల కాలమున చిన్నపెద్దలు సర్దుకొని, ఉత్త లెక్కింపు పాయింట్లంతటి ముందుచూపును ఇచ్చుచున్నదని యనుభవజ్ఞులు పలువురు గమనించిరి. గంటలకొలది కూర్చుండి యంచనా కట్టు శ్రమ మిగులుట దానిపై లాభము. వాడుకరికి కానరాని పని చేయు జట్ల మాటయేమి? సర్వర్లను చూచుకొనువారు, పరీక్షలను యంత్రమున కప్పగించువారు ఏ సదుపాయమును తమదని చెప్పుకొనలేరు. వారి పనివలన తక్కిన జట్లకు పట్టు దినములు తగ్గుచున్నవా యని చూడవచ్చును గాని, అదియు నసంపూర్ణమైన కొలతయే. అచ్చట తెలిసిన పెద్ద యొకడు పనిని కన్నులార చూచి నిర్ణయింపవలసినదే; దానికి బదులుగ నొక సంఖ్యను కోరుట బద్ధకము. వ్యక్తిగతముగ ప్రతి ప్రోగ్రామరు ఉత్పత్తిని కొలువవచ్చునని మెకిన్సీ సంస్థ 2023లో వ్యాసము ప్రకటింపగా, కెంట్ బెక్, గెర్గెలీ ఒరోజ్ అనువారు వెంటనే ఖండించిరి. క్రైస్లర్ కాలమునుండి యీ వ్యవహారమును చూచుచున్న బెక్ పక్షమే నా పక్షము.

ఒప్పందముల సంగతి యిక మిగిలియున్నది. మన సేవాసంస్థలు మనుష్యులను గంటలలెక్కన క్లయింటునకు కూర్చుచున్నవి. క్లయింటు తన సొమ్మునకు ప్రతిఫలమేదియో చూడగోరుట న్యాయమే. కాని జట్టు వెలాసిటీ త్రైమాసికమునకు నూటి కింత చొప్పున పెరుగవలెనని షరతు వ్రాయించుకొను క్లయింటు, తాను కోరినదానినే, కోరినంతయే పొందును. పాయింట్లు క్రమము తప్పక పెరుగుచుండును. రిలీజు తేదులు మాత్రము వెనుకకు జరుగుచుండును. రాత్రి పదిగంటలకు అమెరికావారితో ఫోను కాల్‌లో కూర్చున్న మన యింజనీరు ఆ పెరుగుదలకు కారణములు వివరించుచుండును. అతని భార్యాబిడ్డల నిద్ర యే గడిలోను లెక్కకు రాదు.

మన రెండు రాష్ట్రముల ప్రభుత్వములును ఇప్పుడు పౌరసేవలకై సాఫ్ట్‌వేరు విస్తారముగ చేయించుకొనుచున్నవి. టెండరు పత్రములందు మాడ్యూలునకు మాడ్యూలు అప్పగించినట్లు సంతకము తీసికొని వాయిదా చెల్లించు పద్ధతి సులభమైనది. అధికారులకు లెక్క చూపుటకును అనుకూలమైనది. దానికి బదులుగ, ఒక రైతు దరఖాస్తు పెట్టినది మొదలు నకలు చేత పుచ్చుకొన్నంతవఱకు, వితంతువొకతె పింఛనునకై పేరిచ్చినది మొదలు మొదటి నెల సొమ్ము ఖాతాలో పడినంతవఱకు, ఆద్యంతముగ నడచిన సేవనే పూర్తియైన పనిగ నిర్వచించి, ఎన్ని జట్లు, ఎందఱు కాంట్రాక్టర్లు పాల్గొన్నను వాయిదాలో నొక ముఖ్యభాగమును ఆ సేవ నిజమైన జనులమధ్య కొన్ని నెలలు సాగినపిమ్మటనే చెల్లింపవలెనని షరతు వ్రాయించుట మేలు. ఒక్కొక్క సేవకు సగటున నెన్ని దినములు పట్టుచున్నవో, నూటి కెన్ని దరఖాస్తులు మధ్యలో నిలిచిపోవుచున్నవో ఆ శాఖ వెబ్‌సైటులోనే నెలనెలయు ప్రకటింపవచ్చును. ఇందుకు క్రొత్త శాసన మక్కఱలేదు. రాబోవు టెండరులో రెండు పేరాలు మార్చినచో చాలును.